పరదా వెనక గంట

మా పిన్నిని వీధిలో అందరూ టకటక టీచరు అనేవాళ్ళు. ముందు కూర్చుని పాడుతున్న పిల్ల స్వరం వెంట్రుకవాసి జారినా సరే, ఆవిడ కుడిచేతి మధ్యవేలి కణుపు బల్లమీద టక్కుమనేది. కావాలని కొట్టేది కాదు. కంట్లో నలుసు పడబోతే రెప్ప మూసుకున్నట్టు చెయ్యి తనంతట తనే లేచేది. బల్లమీద ఆ చోట రంగు పోయి చిన్న గుంట పడింది.

ఇల్లు టైర్ల దుకాణం పైన. రెండు గదులు. ముందుగది పాఠాలకి, వెనకగది మిగతా బతుక్కి. కింద గాలి కొట్టే యంత్రం బుస్సుమంటూంటే పైన పిల్లలు పాడుతూ ఉండేవారు. ఎవరైనా ఆ మోతకి విసుక్కుంటే, "ఈ రొదలో నిలబడిన గొంతు ఎక్కడైనా నిలబడుతుంది, నువ్వు పాడవే" అనేది. తను మాత్రం కచేరీలు చేసిన మనిషి కాదు. వయసులో ఉన్నప్పుడు ఒకే ఒక్కసారి వేదిక ఎక్కి, ఎదురుగా అన్ని మొహాలు చూసేసరికి నోరెండిపోయి, పాట ఎత్తుకోకుండానే దిగి వచ్చేసిందట. ఆ తర్వాత నేర్పడంలోనే ఉండిపోయింది.

నేను ఆవిడ అక్క కొడుకుని. అమ్మ పోయాక ఆ ఇంట్లోనే పెరిగాను. నాకు పాట అబ్బలేదు. "గొంతు రాలేదు గానీ చెవి వచ్చిందిరా, సగం ఆస్తి దక్కింది" అని సరిపెట్టుకుంది పిన్ని. ఆ సగం ఆస్తితోనే వయొలిన్లు, హార్మోనియాలు, శ్రుతిపెట్టెలు విప్పి చూస్తూ, పాడుచేస్తూ, మళ్ళీ బిగిస్తూ పని నేర్చుకున్నాను. బాబాయి బస్సు డ్రైవరు. రిటైరయ్యాక కూడా కుర్చీలో కూర్చుంటే కుడికాలు బ్రేకు మీద ఉన్నట్టే ఉండేది.

"పెళ్ళైన కొత్తలో నా బస్సెక్కింది మీ పిన్ని. హారన్ కొట్టాను. వెనకనించి సీటు కమ్మీ మీద టక్కుమంది. మర్నాడు డిపోకెళ్ళి హారన్ మార్పించుకున్నాను. అలా మార్పించుకున్న డ్రైవరు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే" అని ఇంటికి ఎవరొచ్చినా చెప్పేవాడు.

అలాంటి ఇంటికి రాజభవనం కారు వచ్చింది.

రాజుగారి ఇంట్లో పెళ్ళంటే పాటల పోటీ ఉంటుంది. పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ వేదిక మీద. పక్కన ఒక పరదా. పరదా వెనక ముగ్గురు న్యాయనిర్ణేతలు, ఒక్కొక్కరి ముందూ ఒక ఇత్తడి గంట. ఎవరు పాడుతున్నారో లోపలున్నవాళ్ళకి కనబడదు. తప్పు వినబడితే గంట కొట్టాలి. ఎవరికి గంట తక్కువ మోగితే వాళ్ళకి ఆస్థానంలో ఉద్యోగం. అందరి పాటా అయ్యాక చివర రాజుగారే స్వయంగా పాడతారు. "నేనూ పోటీలో ఉన్నవాణ్ణే, గంటలు తియ్యకండి" అని నవ్వుతూ అంటారు. గంటలు తియ్యరు. కొట్టరు కూడా.

పెద్దమ్మాయిగారి పెళ్ళిలో ఒకాయన కొట్టాడు. పిల్లనగ్రోవి వాయించేవాడు, మా పిన్నికి తెలిసినవాడే. ఒక్కసారే మోగిందట, అదీ మెల్లగా. రాజుగారు ఆపకుండా పాట పూర్తిచేశారు. చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. కొన్నాళ్ళకి ఆ గంట కొట్టినాయన ఇంటి తలుపుకి బయటనుంచి గడియ పెట్టి ఉంది. కిటికీలోంచి చూస్తే తాగి సగం వదిలేసిన గ్లాసులు బల్లమీదే ఉన్నాయి. భార్య లేదు, ముసలి తల్లి లేదు, పెంచుకున్న చిలక పంజరంతో సహా లేదు. ఎక్కడికెళ్ళారని ఎవరూ అడగలేదు. అడిగినవాళ్ళని పక్కవాళ్ళు మోచేత్తో పొడిచి ఆపారు.

ఇప్పుడు చిన్నమ్మాయిగారి పెళ్ళి. ఖాళీ అయిన ఆ కుర్చీకి మా పిన్నిని పిలవడానికి మెట్లెక్కి వచ్చినవాడు చాలా మర్యాదస్తుడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. ఇచ్చిన మంచినీళ్ళు రెండు చేతులా అందుకున్నాడు.

"మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు తప్పు పాడరని చెప్పారమ్మా. అందుకే వచ్చాను" అన్నాడు.

"తప్పు పాడరని కాదు బాబూ, పాడితే నేను ఊరుకోనని" అంది పిన్ని.

అతను ఇంటినంతా కళ్ళతో ఒకసారి చుట్టాడు. "పిల్లలు లేరా?"

"వీడే. అక్క కొడుకు. వాయిద్యాలు బాగుచేస్తాడు."

"మంచిది. శ్రుతిపెట్టెలు చూసుకోవడానికి మాకూ ఒకరు కావాలి. మీరూ రండి" అని నాకేసి చిరునవ్వు నవ్వాడు. తర్వాత గుమ్మంలోంచి తొంగి చూసి, "ఈ ఇంటికి ఇదొక్కటే మెట్లదారా?" అని అడిగాడు.

"ఒకటే" అన్నాడు బాబాయి. "రెండోది కట్టిద్దామంటే టైర్లవాడు ఒప్పుకోలేదు."

అతను నవ్వాడు. లేచి, చెప్పులు తొడుక్కుంటూ, ఏదో గుర్తొచ్చినవాడిలా చెప్పాడు: "చివర రాజుగారు పాడతారమ్మా. మీకు తెలిసే ఉంటుంది."

"తెలుసు" అంది పిన్ని. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది.

కారు వెళ్ళిపోయింది.

"రాజుగారి గొంతు మంచి గొంతు" అంది పిన్ని. "పడుచుతనంలో విన్నాను. ఎవరూ భయపడి పొగిడిన గొంతు కాదది. కానీ ఇప్పుడు పై షడ్జం అందడం లేదంటున్నారు. మెట్లన్నీ ఎక్కుతారుట, పైమెట్టు మీద కాలు నిలవదుట."

"నిలవకపోతే నీకేం పోయె? కళ్ళు మూసుకుని కూర్చో" అన్నాడు బాబాయి.

"కళ్ళతో ఏం పనండీ? చేతి సంగతి చెప్పండి."

బాబాయి గడ్డం గోక్కున్నాడు. "నాకు ఉద్యోగం ఇచ్చేముందు కూడా ఇదే అడిగారు. ఎదురుగా ఏదొచ్చినా బెదరకుండా కాలు ఆడుతుందా అని. అలవాటు చేస్తే ఆడుతుంది టీచరమ్మా. ఆగడం కూడా అలవాటే. నేను నేర్పుతా."

గంట నాలుక పీకేస్తే గొడవ వదులుతుందని నేనన్నాను. పిన్ని నా మొహం కేసి చూసింది. "పొద్దున్నించీ పాడినవాళ్ళకి మోగని గంట పెట్టుకుని నేనక్కడ బొమ్మలా కూర్చోనా? వాళ్ళు ఎన్నేళ్ళ సాధన మోసుకుని వస్తారో తెలుసా?" అంది. ఇంక ఆ మాట ఎత్తలేదు.

ఆ రోజునుంచి పాఠాలయ్యాక మా ఇంట్లో కొత్త పాఠం. పిన్ని బల్ల ముందు కూర్చునేది, ఎదురుగా దేవుడి గూట్లో గంట. నేను వయొలిన్ తీసుకుని మంచి స్వరాల మధ్య ఒక పాడు స్వరం పట్టేవాణ్ణి. బాబాయి ఆవిడ చేతిమీద కన్నేసి నిలబడేవాడు. చెయ్యి లేవగానే "బ్రేకు! బ్రేకు!" అని అరిచేవాడు. మొదట్లో ఆయన అరుపూ గంట మోతా కలిసే వచ్చేవి. "నువ్వు గుద్దేశాక ఆపుతున్నావు, ఇలాగైతే లైసెన్సు రాదు" అనేవాడు. తన జేబురుమాలుతో ఆవిడ చేతిని కుర్చీకి కట్టాడు. కుర్చీ కదిలి గంట మోగింది. నవ్వీ నవ్వీ పిన్నికి కళ్ళనీళ్ళొచ్చాయి. తుడుచుకున్నా ఆగలేదు, తుడుస్తూనే ఉంది. అవి నవ్వువి కావని అప్పటికి మాకిద్దరికీ అర్థమైంది.

చివరికి ఒక ఉపాయం కుదిరింది. ఎడమచేత్తో కుడి మణికట్టుని నొక్కిపట్టి, అరచెయ్యి తొడకింద పెట్టుకుని కూర్చోవడం. అలా కూర్చుంటే నేను ఎంత ఘోరంగా వాయించినా చెయ్యి లేవలేదు. భుజం ఒకసారి అదిరేది, అంతే.

"పాసు" అన్నాడు బాబాయి.

పెళ్ళిరోజు పొద్దున్నే సభలోకి వెళ్ళాం. ఎత్తైన కప్పు, పొడుగాటి కిటికీలు. కిటికీ కిటికీకి ఒక కాపలావాడు. నన్ను వేదిక మీద వెనగ్గా, మా ఇంటినుంచి తెచ్చిన శ్రుతిపెట్టె పక్కన కూర్చోబెట్టారు. పరదా అంచు నాకు చేతికందేంత దూరం. నేనున్న చోటినుంచి సందులోంచి లోపల కనబడేది. పిన్నికి అటువైపు మిగతా ఇద్దరు న్యాయనిర్ణేతలు, పెద్దమనుషులు. ఇద్దరూ తమ గంటల్ని తమకి దూరంగా, బల్ల అవతలి అంచుకి జరిపేసుకున్నారు. వాళ్ళ గంటలు సాయంత్రందాకా మోగలేదు. మోగినవన్నీ మా పిన్నివే.

ఎంత న్యాయంగా మోగించిందో చెప్పాలంటే, తన శిష్యురాలు పాడినప్పుడు కూడా మోగించింది. మా ఇంట్లో పొద్దూ సాయంత్రం పాడిన గొంతు అది, పరదా అడ్డమున్నా పోల్చుకోకుండా ఎలా ఉంటుంది? పిల్ల రెండో చరణంలో తొందరపడింది. గంట మోగింది. పిల్ల మొహం పాలిపోయింది గానీ పాట మాత్రం నిలబెట్టుకుంది. ముందు వరసల్లో వియ్యాలవారు పిన్ని గంట మోగినప్పుడల్లా పరదా కేసి చూసి తలలాడించడం మొదలెట్టారు. పొద్దెక్కేకొద్దీ ఆ గంట మాటకి విలువ పెరిగింది. ఇంత బాగా వినబడ్డ గంట చివర్న మోగకపోతే, దాని మౌనం కూడా అంత బాగానే వినబడుతుంది.

ఎండ కిటికీల మీదినుంచి దిగిపోయే వేళకి రాజుగారు వచ్చి కూర్చున్నారు. దగ్గరనుంచి చూస్తే బాగా నలిగిన మనిషి. మెడ చుట్టూ చర్మం వదులైంది. "గంటలున్నాయి కదా?" అని పరదా కేసి అడిగారు. సభ నవ్వింది. పిన్నిని పిలవడానికొచ్చిన ఆ తెల్లచొక్కా మాత్రం నవ్వకుండా పరదా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

పాట ఎత్తుకున్నారు. పిన్ని చెప్పింది నిజమే, మంచి గొంతు. కిందిస్థాయిలో వెచ్చగా, నిలకడగా ఉంది. సందులోంచి చూశాను. పిన్ని కుడిచెయ్యి తొడకింద ఉంది. మణికట్టు చుట్టూ ఎడమచేతి వేళ్ళు బిగిసి గోళ్ళు తెల్లబడ్డాయి. స్వరం ఒక్కొక్క మెట్టే ఎక్కింది. పై షడ్జం దగ్గరికి వచ్చేసరికి గొంతు సన్నబడి, వణికి, జారడం మొదలెట్టింది. పక్కన మృదంగం వాయించేవాడు తల వంచేసుకున్నాడు. పిన్ని భుజం అదిరింది. చెయ్యి లేవలేదు.

కానీ టక్కు తర్వాత ఆవిడ ఎప్పుడూ చేసే రెండో పని ఒకటుంది. జారిన పిల్లకి పెదవులు విప్పకుండా సన్నగా అసలు స్వరం అందిస్తుంది. పిల్ల ఆ స్వరాన్ని పట్టుకుని పైకి వస్తుంది. మేం చేతికి నేర్పాం. గొంతు సంగతి ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు.

పరదా వెనకనుంచి పై షడ్జం వచ్చింది. సన్నగా, తిన్నగా, గీత గీసినట్టు.

రాజుగారి గొంతు దాన్ని పట్టుకుంది. నిలబడింది. అక్కడినుంచి ఆయన పాడిన తీరు మళ్ళీ పడుచువాడు పాడినట్టే ఉంది. మెట్టు మెట్టుకీ ముందు ఆ సన్నటి గీత పడుతోంది, వెనకే ఈయన గొంతు నడుస్తోంది. సభకి ఏమీ తెలియలేదు. మృదంగంవాడికి తెలిసింది. ఇద్దరు పెద్దమనుషులకి తెలిసింది. నాకు తెలిసింది. పాట ముగిసింది. వియ్యాలవారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. లోపల పిన్ని తన నోటిమీద తనే చెయ్యి అడ్డంపెట్టుకుని కూర్చుంది.

రాజుగారు పరదా కేసి చూడలేదు. మెల్లగా నాకేసి తిరిగి, నా పక్కనున్న పెట్టెని చూశారు.

"ఈ శ్రుతిపెట్టె చాలా బాగుంది. ఎవరు చూస్తారు దీన్ని?" అన్నారు.

"నేనేనండి" అన్నాను.

"దీన్ని ఇక్కడే ఉంచండి" అన్నారు తెల్లచొక్కాతో.

తెల్లచొక్కా పెట్టె కేసి చూశాడు. తర్వాత పరదా కేసి చూశాడు. "అలాగేనండి" అన్నాడు.

పెట్టె నాతోపాటు ఇంటికి వచ్చేసింది. పిన్ని రాలేదు. మర్నాడు అతనే మళ్ళీ మెట్లెక్కి వచ్చి, చెప్పులు బయట విడిచి, అంతే మర్యాదగా ఆవిడ బట్టలు అడిగాడు.

"ఎన్నాళ్ళు?" అన్నాడు బాబాయి.

"రాజుగారు పాడినన్నాళ్ళు."

"మరి ఆవిడ పాఠాలు? పిల్లలొచ్చి కూర్చున్నారు."

"అక్కడ ఉంటూ ఇంకెవరికో చెప్పడం బాగుండదు కదండీ" అన్నాడు అతను. ముందుగదిలో వరసగా కూర్చున్న పిల్లల్ని చూసి, "మీరంతా ఇళ్ళకి వెళ్ళండమ్మా" అన్నాడు మెత్తగా. అందరికంటే చివర, పోటీలో గంట మోగించుకున్న ఆ పెద్దపిల్ల లేచింది. మెట్ల మీద కూర్చుని సాయంత్రందాకా కదల్లేదు.

బాబాయి బట్టలు సర్దాడు. ఒక్క జోక్ కూడా వెయ్యలేదు.

తర్వాత కొన్నాళ్ళకి మృదంగంవాడు వేరే ఊరికి మారాడని విన్నాను. ఏ ఊరో ఎవరూ చెప్పలేదు. ఇద్దరు పెద్దమనుషుల్లో ఒకాయన బజార్లో కనబడితే పలకరించబోయాను. "నాకు చెవులు వినబడ్డం లేదు నాయనా. ఆ పెళ్ళిరోజునుంచే" అని, నేనింకా నోరు తెరవకముందే చెప్పేసి గబగబా వెళ్ళిపోయాడు.

నన్ను మాత్రం రాజభవనంలోకి రానిచ్చేవారు. పెట్టె చూసుకోవాలి కదా. సాధన జరిగే గదిలో పెట్టె ఒకటి మామూలుగా రాజుగారి పక్కనే ఉండేది. నేను దాన్ని తుడిచి, రీడ్లు చూసి, తిత్తులు నొక్కి, బాగుందని చెప్పాలి. ఒకోసారి సాధన మొదలవకముందు అక్కడా కట్టిన పరదా వెనకున్న చిన్నగదిలో పిన్నిని చూడనిచ్చేవారు. గొంతు దాచుకోవడానికి గుసగుసగా మాట్లాడేది.

"ముందు పైస్వరం ఒక్కటే ఇచ్చేదాన్నిరా. ఇప్పుడు ఎక్కడం కూడా నేనే. దిగడం కూడా" అంది ఒకసారి.

"ఆయనకి తెలుసా పిన్నీ?"

"పెట్టె బాగుందంటారు." ఒళ్ళో పడుకోబెట్టుకున్న కుడిచేతిని చూసుకుంది. "ఆ రోజు గంట కొట్టి ఉంటే ఒక్కసారితో పోయేది. బాబాయి తిన్నాడా?"

తిన్నాడన్నాను. ఎప్పుడు పంపిస్తారో కనుక్కోమంది. కనుక్కుంటానన్నాను. ఎవర్ని అడగాలో ఇద్దరికీ తెలియదు.

చలి మొదలయ్యాక వియ్యాలవారు వస్తున్నారని కబురొచ్చింది. వాళ్ళకి రాజుగారు మళ్ళీ పాడి వినిపించాలి. ఆ పొద్దున సాధన వేళకి నన్ను పిలిపించారు. పిన్నిని ముందు చూడనివ్వలేదు. నేను గోడవార నిలబడ్డాను. రాజుగారు కళ్ళు మూసుకుని ఎత్తుకున్నారు. పరదా వెనకనుంచి సన్నటి గీత పడింది, ఆయన వెనకే నడిచారు. రెండు మెట్లు, మూడు మెట్లు. తర్వాత ఆ గీతలో చిన్న గరుకు వినబడింది. గీత తెగి, గుడ్డలో కుక్కుకున్న దగ్గు వినబడింది. ఒకటి. కాసేపటికి ఇంకొకటి.

రాజుగారి స్వరం గాలిలో ఒక్కటే మిగిలి, కూలిపోయింది. గదిలో ఉన్న నౌకర్లు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు.

రాజుగారు కళ్ళు తెరవలేదు. "పెట్టె చెడినట్టుంది" అన్నారు నెమ్మదిగా. "చూడండి. బాగవకపోతే మార్చండి."

తెల్లచొక్కా నాకేసి తిరిగాడు. "ఏమంటారు? బాగవుతుందా?"

"అవుతుందండీ" అన్నాను. "ఇంటికి తీసుకెళ్తే... నాలుగు రోజులుంచుకుని..."

"ఇక్కడే చూడండి" అన్నాడు అతను.

పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. మరలు ఒక్కొక్కటే విప్పాను. ఏమీ చెడలేదని నాకు తెలుసు. రీడ్లన్నీ మెరుస్తున్నాయి, తిత్తుల్లో చిల్లి లేదు. అయినా ఒక్కొక్క రీడూ తీసి, గుడ్డతో తుడిచి, వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ పెట్టాను. తొందరపడలేదు. నా చేతుల్లో పని ఉన్నంతసేపు అవతల ఆ మార్చే పని మొదలవదు. పరదా వెనక నీళ్ళు మింగిన చప్పుడైంది. కాసేపటికి మళ్ళీ మింగిన చప్పుడైంది. తుడిచిన రీడునే ఇంకోసారి తుడిచాను.

"ఇంక మూసెయ్యండి" అన్నాడు తెల్లచొక్కా.

మూసేశాను. మరలు బిగించాను. రాజుగారు గొంతు సవరించుకున్నారు. పరదా వెనక పిన్ని ఊపిరి తీసుకుంది.